ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య

బిడ్డా,

నీ కథ సోమవారం అందింది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి అవ్వ దగ్గర ఆగిపోయాను. బ్రహ్మకమలం పువ్వుకు వెలుగు పడదని వరండాలో బల్బు తీసేయించి, చీకట్లో స్టూలు వేసుకుని కూర్చున్న ఆ అవ్వ నిజం మనిషి. ఆ నాలుగు లైన్లు ఎవరు తీసేయమన్నా తీసేయకు.

కోపం తొమ్మిదో పేజీ మీద. నాయన బొంబాయి బస్సు దిగి వాకిట్లో అడుగు పెట్టగానే బ్రహ్మకమలం "ఒక్కసారిగా విచ్చుకుంది" అని రాశావు. ఎట్లా విచ్చుకుంటుంది ఒక్కసారిగా? ఇంట్లో చెట్టు ఉందంటున్నావు. పూసినాక ఎవరో లేపితే వచ్చి, ఫోన్లో ఫొటో తీసుకుని పోయి పడుకున్నట్టున్నావు.

ఆకు అని మనం అనుకునేది దాని కాండమే. అది నాగజెముడుకు చుట్టం. ఆ అంచున నొక్కు పడ్డ చోట గోరంత ములుకులా మొగ్గ మొదలవుతుంది. నువ్వు రాసినట్టు కొమ్మ చివర కాదు. మూడు నాలుగు వారాలు కిందికి వేలాడుతూ పెరుగుతుంది. పూసే ముందు కాడ కొడవలిలా వంగి మెడ పైకెత్తుతుంది. ఆ సాయంత్రం మొగ్గ ఉబ్బుతుంది. చీకటి పడ్డాక బయటి సన్న రెక్కలు, ఎర్రమట్టి రంగువి, ఒక్కొక్కటే వదులై వెనక్కి పోతాయి. తెల్ల రెక్కల కొసన చిటికెన వేలు పట్టేంత సందు పడుతుంది. పువ్వు కన్నా ముందు ఆ సందులోంచి వాసన వస్తుంది. రెక్క కదలడం కంటికి దొరకదు. కాసేపు పక్కకు చూసి మళ్లీ చూస్తే మారి ఉంటుంది. ఎప్పుడో ఒక రెక్క చిన్నగా అదిరి పట్టు వదులుతుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి అరచేతి కన్నా వెడల్పు. లోపల దారాల కుచ్చు, వాటి మధ్యలోంచి ఒక తెల్లటి కాడ, దాని కొసన చుక్కలా విచ్చిన వేళ్లు. తెల్లారితే మెడ విరిచిన కోడిలా వేలాడుతుంది.

ఇంకొకటి. ఇది హిమాలయాల పువ్వని అవ్వ అంటే అననియ్యి, ఆమె నమ్మకం అది. కథ చెప్పే నువ్వు అనకూడదు. బ్రహ్మకమలం అనే పేరుతోనే ఉన్న ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం వేరే చెట్టు. మన కుండీల్లోది మెక్సికో వైపు నుంచి వచ్చింది.

1988 వానాకాలం. దేవరకొండలో టీచరుగా ఉన్నాను. అమ్మకు రెండు కళ్లల్లో శుక్లాలు, ఆపరేషన్‌కు పైసలు జమ చేస్తున్న రోజులు. మూడేళ్లు సాకిన చెట్టుకు మొదటి పువ్వు వచ్చింది. కరెంటు పోయింది, కందిలి పెట్టుకుని కుండీ ముందు కూర్చున్నాను. అమ్మ లోపల నులకమంచం మీద ఉంది. కళ్లు కనబడవు కదా, వాసన పట్టి చెబుతోంది. "ఇంకా సగమే ఇచ్చుకుంది బిడ్డా, వాసన పలచగుంది." కందిలి ఎత్తి చూస్తే సరిగ్గా సగమే. అర్ధరాత్రి దాకా ఆమె చెప్పడం, నేను చూడడం. ఆ రాత్రిని ఒక కథలో నాలుగు పేజీలు రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. నాలుగు పేజీలూ తీసేసి, వాటి చోట సంపాదకుడు ఒక్క వాక్యం పెట్టాడు, "పువ్వు ఒక్కసారిగా విచ్చుకుంది" అని. అమ్మ మాట లేదు. ఇప్పటికీ ఆ మాట అచ్చులో కనబడితే నాకు కడుపు రగులుతుంది.

ఎందుకని ఉత్తరం రాస్తే, "మీది నల్లగొండ కదా, ఫ్లోరైడ్ మీద పంపండి" అని జవాబు. ఫ్లోరైడ్‌తో వంగిన నడుములు మా వీధిలోనే చూశాను, వాటి మీదా రాశాను. ఎవరో అడిగారని రాయలేదు. నీ కథలో నాయనను బొంబాయి పంపింది కూడా అట్లాంటి మాటే అనుకుంటాను. పాలమూరు కథంటే వలస ఉండాలని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాయన రావాలంటే రానియ్యి. కానీ బస్సు కల్వకుర్తిలో ఆగిపోనియ్యి, పొద్దున పువ్వు వాడిపోయినాక రానియ్యి. అవ్వ ఆయనకు ఏమని చెబుతుందో నాకు వినాలని ఉంది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఆ స్టూలు మీద అవ్వ ఏం చేసింది? నిద్ర తూగిందా, ఎవరితో మాట్లాడింది, కాళ్లు ఎక్కడ పెట్టుకుంది? ముందు అది రాసి పంపు.

ఈ కవర్లో మా చెట్టు ఆకు ఒకటి పెడుతున్నాను. మీ ఇంట్లో ఉన్నా సరే, ఇది నీ ఒక్కదానిది. కోసిన చోటు రెండు మూడు రోజులు నీడన ఆరనియ్యి. ఏ వైపు కిందికి ఉండాలో పెన్నుతో గీత పెట్టాను, ఆ వైపే మట్టిలో గుచ్చు. నీళ్లు ఎక్కువ పొయ్యకు, కుళ్లిపోతుంది. పూయడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు.