హాన్సెల్, గ్రెటెల్ ఒపెరాకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటున్నాం. డిసెంబర్ వస్తే జర్మనీలో ఏ ఊళ్లో చూసినా 'హాన్సెల్, గ్రెటెల్' ఒపెరా (పాటలతో నడిచే నాటకం) వేస్తుంటారు. మా పాపకి ఆరేళ్లు, తీసుకెళ్లమని ఒకటే గొడవ. కానీ మంత్రగత్తెని ఓవెన్‌లోకి తోసేసే సీన్ ఉందని విని నాకు టెన్షన్‌గా ఉంది. పిల్లల కోసం వేసేటప్పుడు అలాంటివి తీసేయరా?
– ఒక పాఠకురాలు

తీసేయరండీ, తీసేయకూడదు కూడా. నిజంగా భయపెట్టే ముక్కని రాసినవాళ్లే ఎప్పుడో తీసేశారు. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల కథలో తల్లిదండ్రులు తెలిసి తెలిసి పిల్లల్ని అడవిలో వదిలేసి వస్తారు కదా, ఒపెరాలో అది లేదు. అడెల్‌హైడ్ వెట్టె అనే ఆవిడ ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి పాటలు రాసి, బాణీలు కట్టమని 1890లో అన్నయ్య ఎంగెల్‌బర్ట్ హుంపర్‌డింక్‌ని అడిగారు, అదే పెరిగి పెరిగి పూర్తి ఒపెరా అయింది, 1893 డిసెంబర్ 23న జర్మనీలోని వైమార్‌లో మొదటి ప్రదర్శన సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్ సారథ్యంలో జరిగింది. ఆవిడ రాసిన కథలో అమ్మ అలిసిపోయి ఇంటికొచ్చేసరికి పిల్లలు పని మానేసి ఆడుతుంటారు, ఆ కోపంలో చెయ్యి తగిలి పాలకుండ పడి పగిలిపోతుంది, ఇంట్లో రాత్రి తిండికి ఉన్నది ఆ పాలే! స్ట్రాబెర్రీలు కోసుకురండి పొండి అని అడవికి తరిమేస్తుంది. నాన్న చీపుళ్లన్నీ అమ్ముడుపోయిన సంతోషంలో సరుకులతో వచ్చి, పిల్లలేరీ అని అడిగి, విషయం తెలిసి హడలిపోతే ఇద్దరూ వెతకడానికి పరుగెత్తుతారు. అమ్మానాన్నలు వెతుకుతున్నారని తెలిశాక చూసే పిల్లకి మంత్రగత్తె ఒక లెక్క కాదు, చప్పట్లు కొట్టి మరీ ఓవెన్‌లోకి తోయిస్తుంది.

నాకు బాధ కలిగేది వేరే చోట. ఫ్యామిలీ షో అనేసరికి కొంతమంది మొదటి అంకాన్ని ముద్దుముద్దుగా, రంగురంగులుగా చేసేస్తారు. పిల్లలు ఆకలితో ఉన్నారన్న సంగతి ప్రేక్షకులకి తట్టకపోతే, అడవిలో వాళ్లని ఊరించే మంత్రగత్తె అల్లం బిస్కెట్ల ఇల్లు వట్టి సెట్టింగే అవుతుంది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలో దర్శకుడు రిచర్డ్ జోన్స్ చేసిన ప్రదర్శన నాకు నచ్చేది అందుకే. రెండో అంకం చివర పిల్లలు ప్రార్థన చేసుకుని నిద్రపోయాక పద్నాలుగు మంది దేవదూతలు దిగిరావాలి, మాటల్లేవు, సంగీతం ఒక్కటే. అక్కడ ఆయన దేవదూతలకి బదులు పద్నాలుగు మంది వంటవాళ్లని దింపాడు! ఆకలితో పడుకున్న పిల్లల కలలోకి ఇంకెవరొస్తారు చెప్పండి.

టికెట్ కొనేముందు ఆ థియేటర్ వాళ్లు ఎన్నేళ్ల పిల్లలకని రాశారో చూడండి, ఫొటోలు కూడా చూడండి, ఎందుకంటే కొన్ని పెద్దవాళ్ల కోసం బాగా చీకటిగా తీసినవి ఉంటాయి. విరామంతో కలిపి రెండు నుంచి రెండున్నర గంటలు. తెర లేవకముందు ఎనిమిది నిమిషాల దాకా వాద్య సంగీతమే ఉంటుంది, ఆ సంగతి పాపకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: హాన్సెల్ మగపిల్లాడు కదా, ఆడవాళ్లెందుకు పాడతారు?
– హైదరాబాద్ పాఠకుడు

హుంపర్‌డింక్ జర్మనీలోని బైరాయిట్‌లో, భారీ ఆర్కెస్ట్రాలకి పేరున్న ఒపెరా సంగీతకర్త వాగ్నర్ దగ్గర పనిచేసిన మనిషి. ఆర్కెస్ట్రా చాలా పెద్దది, దాని మీదుగా చిన్నపిల్లాడి గొంతు వినిపించదు. అందుకే హాన్సెల్‌ని ఆడగొంతుకే రాశాడు. స్థానం నరసింహారావు గారిని సత్యభామగా నమ్మిన జాతి మనది, ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది. చివర్లో మంత్రగత్తె బిస్కెట్లుగా మార్చేసిన పిల్లల పాత్రలు మాత్రం నిజం పిల్లలే పాడాలి. కళ్లు మూసుకుని నిలబడి, మమ్మల్ని ముట్టుకోండి అని అడుగుతారు, గ్రెటెల్ ముట్టుకుంటే కళ్లు తెరుస్తారు. ఖర్చు తగ్గించాలని ఆ కోరస్‌ని పెద్దవాళ్లతో కానిచ్చేస్తే ఆ ఘట్టం తేలిపోతుంది.

ప్రశ్న: మా తెలుగు సంఘం పిల్లలతో దీన్ని అరగంటలో తెలుగులో వేయించాలని ఉంది. కుదురుతుందా?
– అమెరికా నుంచి ఒక పాఠకురాలు

కుదురుతుంది, కానీ మొత్తం ఒపెరా జోలికి వెళ్లకండి. అన్నాచెల్లెళ్ల నాట్యం పాట, ఇసుక చల్లి నిద్రపుచ్చే మనిషి పాట, రాత్రి ప్రార్థన తీసుకుని మధ్యలో మాటలతో కథ నడపండి, పియానో ఒక్కటి చాలు. నాట్యం పాటలో కాళ్లతో టపటప, చేతులతో చప్పట్లు ఉంటాయి కాబట్టి తెలుగు మాటలు పొట్టిగా, దరువుకి పడేలా రాయించండి. హుంపర్‌డింక్ 1921లో పోయారు, అసలు సంగీతానికి హక్కుల గొడవ లేదు, కానీ ఎవరైనా ఈమధ్య చేసిన పియానో అమరికకో, అనువాదానికో ఉండొచ్చు, కనుక్కోండి. ఓవెన్‌కి పెద్ద అట్టపెట్టె, లోపల ఎర్ర లైటు, వెనకాల మందపాటి పరుపు పెట్టండి, మంటా పొగా వద్దు. మంత్రగత్తె వేషం ఎవరైనా నాన్నగారికి ఇవ్వండి, ఆ పాత్రని మగవాళ్లు పాడటం ఒపెరాల్లోనూ ఉంది, పైగా రిహార్సల్స్‌లో పిల్లలు ఆయన్ని పదిసార్లు తోసి ఉంటారు కాబట్టి స్టేజీ మీద ఎవరూ జంకరు.