మానసిక వార్డులో మందుల వేళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను మానసిక వైద్య వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి నాలుగు నెలలైంది. సైకోసిస్‌కు (లేనివి ఉన్నట్టు వినిపించడం, భ్రమపడటం వంటి జబ్బుకు) ఇచ్చే హాలోపెరిడాల్ మొదలుపెట్టిన మూడో రోజు నుంచి ఒక యువకుడు మంచం మీద స్థిమితంగా కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. జబ్బు ముదిరిందనుకుని డ్యూటీ డాక్టరుకు అదే మాట చెప్పాను. ఆయన మోతాదు పెంచారు. ఆ రాత్రి రోగి అవస్థ రెట్టింపయింది. నేను గమనించనిది ఏమిటి?

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి అది అకాథీసియా, అంటే మందు వల్ల కుదురుగా ఉండలేకపోవడం, అయి ఉండవచ్చు. సైకోసిస్‌కు వాడే మందులు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల లోపు కనిపించే ఈ దుష్ప్రభావం చూడ్డానికి అచ్చం జబ్బు ఉద్రేకంలాగే ఉంటుంది కనుక, అనుభవం ఉన్నవాళ్ళూ పొరబడతారు. తేడా తెలియాలంటే రోగి కాళ్ళను చూడండి. నిలబడితే ఒక కాలి మీది బరువును ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, కూర్చుంటే కాళ్ళు ముడుస్తూ చాపుతూ, రెండు నిమిషాలకే మళ్ళీ లేచిపోతుంటే అనుమానించాలి. తర్వాత పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి: "నడవాలనిపించి నడుస్తున్నారా, నడవకుండా ఉండలేక నడుస్తున్నారా?" చాలామంది ఈ ఒక్క ప్రశ్నకే స్పష్టంగా జవాబు చెబుతారు. ఆ బాధను భరించలేక ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు కాబట్టి దీన్ని చిన్న ఇబ్బందిగా తీసిపారేయకూడదు.

డాక్టరుకు "జబ్బు పెరిగింది" అని చెప్పడంలోనే అసలు పొరపాటు జరిగింది. అది మీ తీర్మానం, మీరు చూసిన విషయం కాదు. "సోమవారం మందు మొదలైంది, బుధవారం సాయంత్రం నుంచి పది నిమిషాలైనా కూర్చోలేకపోతున్నాడు, కాళ్ళలో ఏదో తోస్తున్నట్టుందని అంటున్నాడు, మాటలో అయోమయం కొత్తగా పెరగలేదు" అని చెప్పి ఉంటే ఆయన నిర్ణయం బహుశా వేరుగా ఉండేది. ఇలాంటప్పుడు సాధారణంగా మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, లేదా గుండె వేగాన్ని, బీపీని తగ్గించే ప్రొప్రనొలాల్ జోడిస్తారు. ప్రొప్రనొలాల్ ఇచ్చే ముందు రోగికి ఉబ్బసం ఉందేమో అడిగి, పల్స్, బీపీ చూసుకోవడం మీ పని.

దీనితోపాటు డిస్టోనియానూ, అంటే ఇవే మందులతో కండరాలు హఠాత్తుగా పట్టేయడాన్నీ, గుర్తుపట్టడం నేర్చుకోండి. మొదటి కొద్ది రోజుల్లోనే, ముఖ్యంగా యువకుల్లో, మెడ ఒక పక్కకు పట్టేయడం, కనుగుడ్లు పైకి తిరిగిపోవడం, దవడ బిగుసుకోవడం దీని లక్షణాలు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నేను ఇలా మెడ తిరిగిపోయిన ఒకావిడ కేస్ షీట్‌లో "అందరి దృష్టీ తనపై పడాలని చేస్తోంది" అని రాశాను. అరగంట తర్వాత సీనియర్ సిస్టర్ వచ్చి డాక్టరును పిలిపించి ప్రోమెథజైన్ ఇంజెక్షన్ చేయిస్తే కాసేపటికే మెడ సర్దుకుంది. ఆ వాక్యం మాత్రం కేస్ షీట్‌లో అలాగే ఉండిపోయింది. గొంతు కండరాలు బిగుసుకుంటే ఊపిరి ఆడక ప్రాణాపాయం కలుగుతుంది. జ్వరం, ఒళ్ళంతా కొయ్యబారినట్టు బిగుసుకోవడం, విపరీతమైన చెమట, అయోమయం, బీపీ ఎగుడుదిగుళ్ళు కలిసి కనిపిస్తే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (ఈ మందులతో అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి) కావచ్చు. అప్పుడు తర్వాతి మోతాదు ఇవ్వకుండా ఆపి వెంటనే డాక్టరును పిలవాలి.

ప్రశ్న: దుప్పట్లు మార్చేటప్పుడు ఒక రోగి దిండు గలీబులో పదకొండు మాత్రలు దొరికాయి. రోజూ నా ఎదుటే మింగినట్టు కనిపించేవాడు. ఇకమీదట పొడి చేసి అన్నంలో కలిపి ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. మొదటి కారణం, మనసు ఎగుడుదిగుళ్ళను అదుపులో ఉంచే లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందుల్లో నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రలు ఉంటాయి. వాటిని పొడి చేస్తే మందు ఒక్కసారిగా ఒంటికి పట్టి ప్రమాదం తెస్తుంది. రెండోది, ఆ సంగతి ఒకసారి బయటపడితే ఆ రోగి మీ చేతి నుంచి మంచినీళ్ళు కూడా తీసుకోడు.

దొరికిన మాత్రలు ఏవో, ఎన్నో చూసి రాసి, వెంటనే డాక్టరుకు చెప్పండి. దాచడం మందు ఇష్టంలేకనా, లేక ఒకేసారి మింగడానికి కూడబెట్టడమా అన్నది ముందు తేల్చాలి. అమిట్రిప్టిలిన్ వంటి పాత తరం కుంగుబాటు మందులు పోగుచేసి మింగితే గుండె లయ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఇన్నాళ్ళూ పూర్తి మోతాదు అందుతోందన్న లెక్కతో డాక్టరు మోతాదు పెంచి ఉంటే, ఇప్పుడు హఠాత్తుగా అంతా మింగించడమూ మంచిది కాదు. సైకోసిస్‌కు ఇచ్చే క్లోజపిన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 48 గంటలకు మించి మానేస్తే మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి.

ఇక ఇచ్చే పద్ధతి. గ్లాసు నిండా నీళ్ళు ఇచ్చి, మింగిన తర్వాత రెండు నిమిషాలు ఏదైనా మాట్లాడించండి, తర్వాత నాలుక కింద, చిగుళ్ళకూ బుగ్గలకూ మధ్య చూడండి. పోలీసు తనిఖీలా కాకుండా "నోరు ఎండిపోతోందా, ఒకసారి చూడనివ్వండి" అంటే సరిపోతుంది, ఎందుకంటే నోరు ఎండటం నిజంగానే ఈ మందులతో వచ్చే బాధ. ఎందుకు దాచారని నిందించకుండా అడిగితే నిద్రమత్తనో, బరువు పెరిగిపోతున్నాననో, సిగ్గుపడుతూ లైంగిక ఇబ్బందులనో చెబుతారు. ఆ కారణాన్ని డాక్టరుకు చేరవేస్తే నీళ్ళలో కరిగే మాత్రో, ద్రవ రూపమో, కొన్ని వారాలకోసారి చేసే ఇంజెక్షనో ఆలోచిస్తారు. అప్పటికీ వద్దంటే బలవంతం చేయకుండా, వద్దన్న సంగతిని రోగి మాటల్లోనే నమోదు చేసి డాక్టరుకు తెలియజేయండి.

ప్రశ్న: మా అన్నయ్య ఆరేళ్ళుగా లిథియం వాడుతున్నాడు. రెండు రోజులుగా విరేచనాలు అవుతున్నాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో కొన్న మాత్రలు కూడా వేసుకుంటున్నాడు. ఇంట్లో ఏం చూసుకోవాలి?

జవాబు: మీ అన్నయ్య విషయంలో రెండు ప్రమాదాలు ఒకేసారి వచ్చాయి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలూ రక్తంలో దాని స్థాయిని పెంచుతాయి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంచే ఈ మందు 1.5 దాటితే విషప్రభావం మొదలవుతుంది. కాబట్టి తర్వాతి మోతాదు ఇచ్చే ముందే డాక్టరుతో మాట్లాడండి, నొప్పి మాత్ర పేరు కూడా చెప్పండి.

వేళ్ళు సన్నగా వణకడం లిథియంతో మామూలే. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేంత వణుకు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, వాంతులు, మగత, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మామూలు రోజుల్లో పరీక్షకు రక్తం ఇచ్చేటప్పుడు చివరి మోతాదు తర్వాత 12 గంటలు గడవాలి. చాలామంది పొద్దున మాత్ర వేసుకుని ల్యాబుకు వెళ్తారు, అప్పుడు వచ్చే అంకె ఎక్కువగా కనిపించి అందరినీ కంగారు పెడుతుంది.

ప్రశ్న: కుంగుబాటుకు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టి పది రోజులైంది. రోగి లేచి తిరుగుతున్నాడు కానీ దిగులు తగ్గలేదంటున్నాడు. కాపలా తగ్గించవచ్చా?

జవాబు: తగ్గించవద్దు. దిగులు తగ్గడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతకుముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఇంకా ఉండి, దాన్ని అమలు చేసే శక్తి కూడా వచ్చిన రోజులు ఇవి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు. ఇంటికి పంపేటప్పుడు వారానికి మించి మందులు ఒకేసారి ఇవ్వకుండా చూడమని డాక్టరును కోరండి, ఆ మందులు ఇంట్లో ఎవరి దగ్గర ఉంటాయో ఆ మనిషితో మీరే మాట్లాడండి.