రికార్డులో అంకె గీకేయకు తల్లీ

బుజ్జితల్లీ,

ఆదివారం ఇంట్లోనే లోలకం ఎక్స్‌పెరిమెంట్ చేసి జీ విలువ, అదే భూమి గురుత్వ త్వరణం, కనుక్కుని సోమవారం రికార్డు పెట్టాలటగా, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొమ్మిదో క్లాసుకే ఇంత పని పెట్టుకుందా నా మనవరాలు అని ఎంత సంతోషపడ్డానో, దారం ఫ్యాన్‌కి కడతానన్నావని వినగానే అంత భయమేసింది, నిద్రే పట్టలేదు. స్టూలెక్కొద్దు, చెప్తున్నా. గుమ్మం మీద తోరణం కట్టే మేకుంది కదా, నాన్నచేత దానికి కట్టించు. ఫ్యాన్ ఆపెయ్, గాలికి దారానికి కట్టిన గుండు వంకరగా తిరుగుద్ది.

ఉద్దేశం, పరికరాలు, విధానం, పట్టిక, లెక్క, ఫలితం, ఈ వరస నీకు తెలిసిందే. పట్టికలో పైన సెంటీమీటర్లో సెకన్లో రాయి. పొడవు ముడి దగ్గర్నుంచి గుండు మధ్యదాకా కొలువు. కొంచెమే పక్కకి లాగి వదులు. గుండు దొరక్క తాళంకప్ప కడితే తాళంకప్ప అనే రాయి, గైడ్‌లో ఇత్తడి గుండు అనుందని అది దించకు.

కిందటిసారి ఫ్రెండ్ రికార్డు చూసి రీడింగులు మార్చావట. అది విని కోపమొచ్చింది, ఎందుకంటే నేనూ అప్పట్లో డిగ్రీకి ముందు చదివే పీయూసీలో ఆ పనే చేశా. మీటరు లోలకం, ఇరవై ఊపులకి టైము తీస్తే 38.1, 38.2, మళ్లీ 38.1 వచ్చాయి. మూడూ అంత దగ్గరగా ఉన్నాయంటే కరెక్టే అనుకున్నా. లెక్కేస్తే జీ 10.9, పుస్తకంలో 9.8. మార్కులు పోతాయని చేతులు చల్లబడి, బ్లేడుతో గీకి మూడుచోట్లా 40.1 అని రాసేశా.

లెక్చరర్ గారు ఆ గీకిన చోట వేలితో తడిమి, ఏమీ అనకుండా నా ముందు మళ్లీ చెయ్యమన్నారు. గుండు వదుల్తూనే "ఒకటి" అన్నా, అక్కడే ఆపేశారు. వదిలినప్పుడు సున్నా, వెళ్లి తిరిగొస్తే ఒకటి. అంటే నేను ఇరవై అనుకున్నవి పంతొమ్మిదే, ఒక్కో ఊపు రెండు సెకన్లు, ఆ రెండూ పోయాయి, మూడుసార్లూ అదే తప్పు చేశా కాబట్టి మూడుసార్లూ ఒకేలా పోయాయి. "38 అలాగే ఉంచుంటే చూడగానే నీ తప్పేంటో చెప్పేవాణ్ని కదయ్యా, దాన్నే గీకేశావు" అన్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

నువ్వూ భయపడే మార్చావని నాకు తెలుసురా బంగారం. 9.8 రాకపోయినా ఫర్లేదు. రీడింగ్ తప్పుగా రాశావనుకుంటే దానిమీద ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాయి, పాతది కనపడాలి. తేడా ఎందుకొచ్చిందో నీకు తోచింది రెండు ముక్కలు చివర్న రాయి, నీ మాటల్లోనే.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ఎన్ని సెకన్లొచ్చాయో ముందు చెప్పు, జీ సంగతి తర్వాత చూద్దాం. నాన్న వచ్చేదాకా ఆ స్టూలు జోలికి మాత్రం పోకమ్మా.

తాతయ్య