గైడ్ లేకుండా డిగ్రీలో సైకాలజీ పరిశోధన చెయ్యొచ్చా?

డిగ్రీ రెండో ఏడాదిలో, గైడ్ లేకుండా, గుంటూరు ఇంటర్ హాస్టళ్లలో పిల్లల ఒత్తిడి మీద పరిశోధన చెయ్యొచ్చా అని కదా మీ ప్రశ్న. పరిశోధన చెయ్యొచ్చు. ఇంటర్ పిల్లల మీద మాత్రం వద్దు. నేనూ అక్కడే మొదలుపెట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాను. వాళ్లలో చాలామందికి 18 నిండవు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి కావాలి, పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఉన్న అమ్మానాన్నల సంతకాలు ఎలా తెస్తాం? ఒక వార్డెన్ అయితే ఒత్తిడి అన్న మాట వినగానే నాకు గేటు చూపించారు. చివరికి బ్రాడీపేట హాస్టళ్లలో ఉండే డిగ్రీ, బీటెక్ వాళ్లను, రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్లను తీసుకున్నాను.

గైడ్ లేకపోయినా ఎథిక్స్ కమిటీకి (పరిశోధన వల్ల ఎవరికీ హాని లేదని చూసి అనుమతిచ్చే కమిటీ) ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టే లెక్చరర్ ఒకరు ఉండాలి. మా మేడమ్ అంతకుమించి చేసిందేమీ లేదు గానీ, ఆ సంతకం లేకపోతే నేను ఒక్క ఫారం కూడా పంచలేకపోయేదాన్ని.

ప్రశ్నలు మీరే తయారుచేయకండి. షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో తెచ్చిన పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ ఉంది, మనకు ఎంత ఒత్తిడిగా అనిపిస్తోందో కొలిచే ప్రశ్నావళి. దాని పది ప్రశ్నల రూపంలో ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. అసలు కష్టం దాన్ని తెలుగులోకి తేవడం. 'ఆన్ టాప్ ఆఫ్ థింగ్స్' అన్నదాన్ని నేను 'అన్నిటికన్నా పైన ఉన్నట్టు' అని రాశాను. ముందుగా ఎనిమిది మందికి ఇచ్చి చూస్తే ఒకమ్మాయి, "పొగరుగా ఉన్నామా అని అడుగుతున్నావా అక్కా?" అంది. 'పనులన్నీ నా చేతిలోనే ఉన్నట్టు' అని మార్చి, ఇంగ్లిష్ మూలం చూడని స్నేహితురాలితో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి, రెండూ పోల్చుకున్నాను. ఈ పనికి నెల పట్టింది. పట్టనివ్వండి.

ఇంకో పొరపాటు చెప్పాలి. 4, 5, 7, 8 ప్రశ్నలు ఒత్తిడి లేని వైపు నుంచి అడుగుతాయి కాబట్టి వాటికి మార్కులు తిరగేసి (0కి 4, 4కి 0) వేయాలి. నేను మర్చిపోయాను. జమోవి అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో (ఉచితమే) క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె, ఘోరంగా వచ్చింది. డేటా అంతా వృథా అనుకుని ఆ రాత్రి ఏడ్చాను. తిరగేశాక సరిపోయింది.

హాస్టల్ వాళ్లు, ఇంటి నుంచి వచ్చేవాళ్లు అనే రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా పట్టుకోవాలంటే, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే అది దొరికే అవకాశం) గుంపుకు 64 మంది కావాలని జీపవర్ అనే సాఫ్ట్‌వేర్ లెక్క. నాకు మొత్తం 97 మందే దొరికారు. తేడా కనబడలేదు. అంతమాత్రాన తేడా లేదని చెప్పలేను, ఇంత తక్కువ మందితో తేల్చలేనని రాశాను.

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి జోలికి వెళ్లకండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. ఎవరైనా 'దాదాపు ప్రతిరోజూ' అని టిక్ పెడితే ఆ రాత్రి మీరేం చేస్తారు? ఏ స్కేల్ వాడినా ఫారం కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి.

పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ గడిచిన నెల గురించి అడుగుతుంది. కాబట్టి సగం ఫారాలు సంక్రాంతి సెలవులకు ముందు, సగం తర్వాత మాత్రం తీసుకోకండి.