ఈసెట్టా, నెట్‌వర్కింగ్ కోర్సా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా ఆఖరి సంవత్సరం. సెలవుల్లో కేబుల్ ఆపరేటర్‌తో వెళ్లి ఫైబర్ జాయింట్లు కొడతాడు. మొన్న రాజమండ్రిలో ఇంటర్వ్యూకి వెళ్తే, ‘సర్వర్‌లో 10 గిగాబిట్ ఫైబర్ కార్డు, అటు స్విచ్‌లో 1 గిగాబిట్ పోర్టు. లింకు రావట్లేదు, ఏం చేస్తావ్?’ అన్నారట. ‘ఆటోలో పెడతా, వేగం పరికరాలే తేల్చుకుంటాయి’ అన్నాడట, పంపేశారు. హైదరాబాద్‌లో నెట్‌వర్కింగ్ కోర్సులో చేర్పించనా, ఈసెట్ రాయించనా?

జవాబు: ఈసెట్ రాయించండి. బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా సీటొస్తుంది. కోర్సు ఎప్పుడైనా చేయొచ్చు, దానికోసం ఇప్పుడే అప్పు చేయకండి.

మీవాడి జవాబు మరీ తీసిపారేసేది కాదండి. రాగి కేబుల్ అయితే రెండు వైపులా పరికరాలు మాట్లాడుకుని, ఇద్దరికీ చేతనైన వేగాల్లో పెద్దదాన్ని పట్టుకుంటాయి. ఫైబర్‌లో 1 గిగాబిట్‌కి ఆటో ఉన్నా, అది డూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి పంపాలా వద్దా), ఫ్లో కంట్రోల్ (అవతలివాడు నిండితే కాసేపు ఆగడం) తేల్చుకోవడానికే. వేగం దాని చేతిలో లేదు. మాడ్యూల్ అంటే పోర్టులో గుచ్చే, సిగ్నల్‌ని కాంతిగా మార్చే ముక్క. మామూలుగా వాడే 10 గిగాబిట్ ఎస్ఆర్ (తక్కువ దూరం), ఎల్ఆర్ (ఎక్కువ దూరం) మాడ్యూళ్లకైతే ఆ తతంగమే లేదు. కాలువ మీద లొల్ల లాకుల దగ్గర చూసే ఉంటారు, రెండు పక్కలా నీటిమట్టం సమానమైతే గానీ తలుపు తీయరు. ఇదీ అంతే. వేగాలు కలవకపోతే కాంతి వస్తూనే ఉంటుంది, లింకు లైటు మాత్రం వెలగదు.

‘స్విచ్ పోర్టు 10కి ఎక్కే వీలు లేదు కాబట్టి కార్డునే 1కి దించుతా’ అని మొదలెట్టి ఉంటే ఆ ఇంటర్వ్యూ ఇంకాస్త సాగేది. దించడానికి ముందు మాడ్యూల్ చూడాలి. ఎస్ఎఫ్‌పీ (1 గిగాబిట్‌ది), ఎస్ఎఫ్‌పీ ప్లస్ (10 గిగాబిట్‌ది) మాడ్యూళ్లు ఒకే సైజులో ఉంటాయి, దూరిపోయిందని సరిపోయినట్టు కాదు. లేబుల్ మీద వేగం, తరంగదైర్ఘ్యం చదవాలి: 850 నానోమీటర్లయితే మల్టీమోడ్ (దగ్గరి దూరాల ఫైబర్), 1310 అయితే సాధారణంగా సింగిల్‌మోడ్ (ఎక్కువ దూరం వెళ్లే ఫైబర్). రెండు చివరలా ఒకటే ఉండాలి. కార్డు ఒప్పుకుంటే 1 గిగాబిట్ మాడ్యూల్, లేదా రెండు వేగాలకీ పనికొచ్చేది పెట్టి, ఆ తర్వాత వేగం సెట్ చేయాలి. లినక్స్‌లో ఈథ్‌టూల్ కమాండుతో, విండోస్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో. అప్పటికీ రాకపోతే అందుతున్న కాంతి ఎంతో చూడాలి. కాంతిని కొలిచే పవర్ మీటర్ పట్టినవాడికి అది కొత్త కాదు.

సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ 200-301 సిలబస్‌లో ఈ సంగతులే ఉన్నాయి: సింగిల్‌మోడ్, మల్టీమోడ్, వేగాలు కలవకపోవడం. ఈసెట్ చదువుతూనే రోజూ కాసేపు చూడమనండి, పరీక్ష ఫీజు తర్వాత కట్టొచ్చు. బయోడేటాలో స్ప్లైసింగ్, అంటే ఫైబర్ జాయింట్లు కొట్టిన అనుభవం పైనే రాయమనండి. బీటెక్ చదివి జాయింటు కొట్టడం చూడనివాళ్లు బోలెడుమంది.

ఇంకొకటి. ఆపరేటర్‌ని అడిగి కంట్రోల్ రూములో కాసేపు కూర్చోమనండి. ఇళ్ల ఫైబర్ లైన్లన్నీ వచ్చి చేరే పెట్టె, అంటే ఓఎల్‌టీలో, ఇళ్లకి వెళ్లే పాన్ (PON) పోర్టులు అతనికి తెలిసినవే. ఇంటర్నెట్ వైపు వెళ్లే అప్‌లింక్ పోర్టుల్లో ఏ మాడ్యూళ్లు పెట్టారో, ఏ వేగానికి సెట్ చేశారో రాసుకోమనండి. చూడటం వరకే సుమా. అప్‌లింక్ వేగం మారిస్తే ఊరంతా నెట్ పోతుంది, ఆ ఆపరేటర్ నేరుగా మీ ఇంటికే వస్తాడు.