పెట్టె మాట్లాడితే మా మాట వినకు

చిరంజీవి సౌమ్యకి పెదనాన్న ఆశీస్సులు.

కోపైలట్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొంగిపోయాను. పైకి మాత్రం "జీతమెంతట?" అని అడిగి ఊరుకున్నాను. ఫోన్ పెట్టాక మొదలైంది బెంగ.

చెక్‌లిస్ట్ కంఠతా వచ్చినా చూసే చదువు. నిద్ర చాలనిరోజు డ్యూటీకి రాలేనని చెప్పెయ్. ఇలాంటివి వాళ్ళే నేర్పుతారు, నేను విసిగించను. ఉద్యోగమంతా రాడార్ ముందు కూర్చుని "ఎక్కండి, దిగండి" అని పైలట్లకు చెప్పినవాణ్ణి కదా, ఆ నోటితోనే ఇంకో మాట చెబుతున్నా. విమానాలు గుద్దుకోకుండా ఎక్కమనో దిగమనో చెప్పే పెట్టె, అదే టీకాస్, "క్లైంబ్, క్లైంబ్" (ఎక్కు, ఎక్కు) అన్నాక కంట్రోలర్ దిగమంటే వినకు. ఆ కంట్రోలర్ మీ పెదనాన్నే అయినా సరే.

2002 జులై 1 రాత్రి జర్మనీలో ఉబెర్‌లింగెన్ దగ్గర ఏం జరిగిందో చదివే ఉంటావు. మళ్ళీ చదువు. ఒక రష్యన్ టుపోలెవ్, ఒక సరుకుల బోయింగ్, రెండూ 36,000 అడుగుల ఎత్తులోనే వస్తున్నాయి. వాటిని చూసుకునే జూరిక్ కంట్రోల్ కేంద్రంలో రెండో కంట్రోలర్ విశ్రాంతికి వెళ్ళాడు, ఒక్కడే రెండు తెరలు చూసుకుంటున్నాడు. పైగా రాడార్ వ్యవస్థకీ ఫోన్ లైన్లకీ ఆ రాత్రే మరమ్మతులు. ఆలస్యంగా గమనించి టుపోలెవ్‌ను దిగమన్నాడు. ఏడు సెకన్లకు దాని టీకాస్ పైకెక్కమంది. అదే సెకనులో బోయింగ్‌లోని టీకాస్ దాన్ని దిగమంది. బోయింగ్ దిగింది. టుపోలెవ్ కూడా దిగింది. 71 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు.

టుపోలెవ్ కాక్‌పిట్ మాటల రికార్డర్‌లో కోపైలట్ గొంతు ఉంది. "పైకెళ్ళమంటోంది" అన్నాడు. "అతను కిందికి దించుతున్నాడుగా" అని కంట్రోలర్ గురించి జవాబొచ్చింది. చివరి సెకన్లలో మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ పూట అతను వెనక సీట్లో ఉన్నాడు, కంట్రోల్స్ చేతిలో లేవు. నీ ముందు ఉంటాయి. చదరంగంలో నేను తప్పు ఎత్తు వేసినా పెద్దాయన కదా అని నోరెత్తకుండా ఓడిపోయేదానివి గుర్తుందా? ఆ మర్యాద కాక్‌పిట్‌లోకి తీసుకెళ్ళావంటే ఊరుకోను. "కెప్టెన్, ఆర్‌ఏ పైకి, మనం దిగుతున్నాం" అని గట్టిగా అను, ఆర్‌ఏ అంటే టీకాస్ ఇచ్చే ఆదేశమేగా. వినకపోతే ఇంకా గట్టిగా అను.

పెట్టెనే ఎందుకు నమ్మాలి అంటావా? నా తెర మీద నీ ఎత్తు కొన్ని సెకన్లకోసారి మారుతుంది. టీకాస్ మాత్రం దాదాపు సెకనుకోసారి అవతలి విమానాన్ని పలకరిస్తుంది. రెండింటిలోనూ టీకాస్ ఉంటే "నువ్వు పైకి, నేను కిందికి" అని ముందే ఒప్పందం చేసుకుంటాయి. మధ్యలో నాలాంటివాడి మాట విని నువ్వు తిరగబడితే ఆ ఒప్పందం చెడుతుంది. 2003లో అంతర్జాతీయ నియమాల్లో కూడా ఇది ఖరారు చేశారు, కంట్రోలర్ వేరే చెప్పినా ఆర్‌ఏనే పాటించాలని. అప్పటిదాకా పుస్తకాలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండేవి. పాపం ఆ సిబ్బందిని నేను పూర్తిగా తప్పుపట్టలేను.

అయిదు సెకన్లలో కదులు. కానీ చూపించినంతే ఎక్కు, పూనకం వచ్చినట్టు లాగితే పైనున్న మూడోవాడికి తగులుతావు. "టీకాస్ ఆర్‌ఏ" అని రేడియోలో చెప్పు, చాలు. ఆ మాట వినగానే బుద్ధున్న కంట్రోలర్ నీకు ఆదేశాలివ్వడం ఆపేస్తాడు. ఒకటి మరిచిపోకు, అవతలివాడి ట్రాన్స్‌పాండర్, అంటే ఆ పలకరింపుకి జవాబిచ్చే పరికరం, పనిచెయ్యకపోతే టీకాస్‌కి అతను కనపడడు. కిటికీలోంచి చూడ్డం మానకు.

ఏదైనా తేడా జరిగిందా, దిగి ఆగగానే మాటల రికార్డర్‌కి కరెంటు ఆపే బ్రేకర్ సంగతి కెప్టెన్‌కు గుర్తుచెయ్. కొత్త పెద్ద విమానాల్లో 25 గంటలు నిలవాలంటున్నారు గానీ చాలావాటిలో ఇప్పటికీ రెండు గంటలే, పాత మాటల మీద కొత్త మాటలు ఎక్కిపోతాయి. నువ్వు సరిగ్గానే చేశావని రేపు చెప్పేది ఆ గొంతులే.

సిమ్యులేటర్‌లో మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు, ఆర్‌ఏ వచ్చాక కంట్రోలర్‌గా అడ్డంగా ఆదేశం ఇమ్మను. ఎన్ని సెకన్లు పట్టిందో నాకు రాయి. మీ అమ్మకు మాత్రం ఈ ఉత్తరం చూపించకు, ఆవిడకు యూనిఫాం ఫొటో పంపించు.

మీ పెదనాన్న