రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే బండి ఆపుతున్నారు, బీచ్‌లో బ్యాగు చూస్తున్నారు. ఏం చెయ్యాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. గాజువాకలో రూమ్ తీసుకుని పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. బి-షిఫ్ట్ దిగి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఈ నెలలో మూడుసార్లు బండి ఆపారు. బండి మా బావ దగ్గర కొన్నాను, పేరు ఇంకా మార్చలేదు. చలానాలు ఉన్నాయట. ఒకసారి తాళం కూడా తీసేసుకున్నారు. మొన్న ఆదివారం రాత్రి నేనూ మా ఫ్రెండూ ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే ఆపి బ్యాగు చూశారు, ఫోన్ తెరిచి చూపించమన్నారు. ఏ తప్పూ చెయ్యని మాకు ఇదేం ఖర్మ? ఇప్పుడు ఖాకీ కనబడితే సందు తిరిగి పోతున్నాను. వాళ్ళకి ఈ హక్కులన్నీ ఉన్నాయా?

జవాబు: మీ ఆఖరి మాట చదివి కంగారుపడ్డాను. ఖాకీ కనబడగానే సందు తిరిగి పోవడం ఈ రాత్రి నుంచే మానండి.

ఆమధ్య మీ వయసు కుర్రాడి కేసొకటి నా దగ్గరికి వచ్చింది. మద్దిలపాలెం దగ్గర తనిఖీ చూశాడు. హెల్మెట్ లేదు. గబుక్కున బండి తిప్పి రాంగ్ రూట్‌లో పోయాడు. పాల ప్యాకెట్లు పట్టుకుని రోడ్డు దాటుతున్న పెద్దాయన్ని గుద్దాడు. ఆయన చెయ్యి విరిగింది. ఆగి ఉంటే కేంద్ర చట్టం ప్రకారం హెల్మెట్‌కి పడేది వెయ్యి రూపాయల జరిమానా, మహా అయితే మూడు నెలలు లైసెన్సు రద్దు. ఆగకపోవడంతో భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 281, 125(బి) సెక్షన్ల కింద క్రిమినల్ కేసు. రెండోదానికి మూడేళ్ళ దాకా జైలు. వాళ్ళమ్మ నా ఆఫీసు బెంచీ మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఆమెకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ బండి సంగతి. నన్నడిగితే మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది. కొన్న 30 రోజుల్లోపు పేరు మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఆర్సీ మీ బావ పేరున ఉంది కాబట్టి చలానా మెసేజీలు ఆయన ఫోన్‌కి పోతాయి. ఆయన చూసి ఊరుకుంటారు, మీకు తెలియదు. రోడ్డు మీద నంబరు కొట్టగానే బాకీల చిట్టా కానిస్టేబుల్ గారి చేతిలోని మెషీన్‌లో కనబడుతుంది, బండి పక్కకి పెట్టమంటారు. ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. రేపు మీ వల్ల ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆర్సీలో పేరున్న బావగారి మెడకే చుట్టుకుంటుంది. సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో ఈ మాట తేల్చేసింది. ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టి రవాణా శాఖలో దరఖాస్తు చెయ్యండి. లోన్ ఉంటే అభ్యంతరం లేదని ఫైనాన్స్ వాళ్ళిచ్చే కాగితం (ఎన్‌ఓసీ) కావాలి, లోన్ తీరిపోయి ఉంటే ఫారం 35 కూడా కావాలి. ఆ చేత్తోనే ఇన్సూరెన్సు మీ పేరుకి మార్పించుకోండి. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే మొదటిసారికి 2,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

సైలెన్సరు మార్చడం, నంబరు ప్లేటు వంచడం, వెనక లైటు వెలగకపోవడం ఇవన్నీ మిమ్మల్ని ఆపమని మీరే పిలిచినట్టు. వాటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఆపినప్పుడు ఎడమ పక్కకి తీసి, ఇంజిను ఆపి, హెల్మెట్ తీసి మొహం కనబడనివ్వండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించి తీరాలి, మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెప్పేది అదే. యూనిఫాం లేకుండా అడిగితే ముందు ఐడీ కార్డు చూపించమని మర్యాదగా అడగవచ్చు. డిజీలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉన్న లైసెన్సు, ఆర్సీ అసలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి. గ్యాలరీలో దాచుకున్న ఫోటో అలా చెల్లదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

తాళం లాక్కోవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షనూ చెప్పదు. లైసెన్సే లేకపోతేనో, రిజిస్ట్రేషన్ లేకపోతేనో 207వ సెక్షన్ కింద బండిని స్వాధీనం చేసుకోవచ్చు, అది వేరు. అయినా తాళం తీసుకున్న మనిషితో నడిరోడ్డు మీద కలబడకండి. చెయ్యి తగిలిందంటే విధులకి ఆటంకం, దౌర్జన్యం అని న్యాయ సంహిత 132, 221 సెక్షన్లు రాయడానికి క్షణం పట్టదు. "సార్, సీజ్ చేస్తున్నారా? అయితే రసీదు ఇవ్వండి" అనండి. నా అనుభవంలో ఈ ఒక్క మాటకి తాళం తిరిగి వచ్చిన సందర్భాలే ఎక్కువ. చలానా అక్కడే కట్టమంటే ఫోన్‌లో కట్టి రసీదు వచ్చిందో లేదో చూసుకోండి. తప్పు ఒప్పుకోకపోతే "కోర్టులో చూసుకుంటాను" అనే హక్కు మీకుంది. చేతిలో నోటు మాత్రం పెట్టవద్దు.

బ్రీత్ ఎనలైజర్ పెడితే కొత్త స్ట్రా వెయ్యమనండి, తెర మీద అంకె మీ కళ్ళతో చూడండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. ఊదనని మొండికేస్తే అదే మీకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది, అరెస్టుకీ దారితీయవచ్చు.

బీచ్ విషయానికి వద్దాం. రాత్రిపూట నడవడం నేరం కాదు. ఆధార్ జేబులో పెట్టుకుని తిరగాలని ఏ చట్టమూ చెప్పదు. కానీ పేరూ ఊరూ అడిగితే నిజం చెప్పండి. చిన్న నేరం చేశారన్న ఆరోపణ ఉన్నప్పుడు పేరు చెప్పకపోయినా, తప్పుడు పేరు చెప్పినా అది తేల్చుకోవడానికి అరెస్టు చెయ్యవచ్చని బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత) 39వ సెక్షన్ అంటోంది. కంపెనీ ఐడీ కార్డు మెడలోనే ఉంచుకోండి, సగం ప్రశ్నలు ఆగిపోతాయి. ఇసుకలో సీసా తెరిచి కూర్చున్న గుంపుతో కలిసి కూర్చోకండి.

ఏజెన్సీ నుంచి గంజాయి మన ఊరి మీదుగా పోతుందని అందరికీ తెలిసిందే. అందుకే ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, బీచ్ రోడ్డు దగ్గర బ్యాగుల తనిఖీ. బహిరంగ స్థలంలో నమ్మదగిన కారణం ఉంటే ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) 43వ సెక్షన్ కింద వెతకవచ్చు. ఆ చట్టం కింద ఒంటి మీద సోదా చేసేటట్టయితే గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేట్ ఎదుటో చెయ్యమని కోరే హక్కు మీకుంది. అది వాళ్ళే మీకు చెప్పాలి. ఈ హక్కు ఒంటి సోదాకే, బ్యాగుకి వర్తించదు. కాబట్టి బ్యాగు వీధి దీపం కిందికి తెచ్చి, మీ చేతులతో మీరే తెరిచి ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి చూపించండి. టిఫిన్ బాక్సు, షిఫ్టు యూనిఫాం, ఛార్జరు, ఏదైతే అది. ఎవరో ఇచ్చిన పార్శిల్, "ఊళ్ళో మావాళ్ళకి ఇచ్చెయ్" అన్న సంచీ మాత్రం ఎప్పుడూ మొయ్యకండి. ఈ ఒక్క మొహమాటంతో జైలుకి వెళ్ళిన పిల్లలున్నారు.

ఫోన్ మాత్రం వేరు. కేసూ లేదు, అనుమానానికి కారణమూ లేదు, ఊరికే వాట్సాప్ చూస్తామంటే కుదరదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. "ఏ కేసులో సార్? కాగితం ఇస్తే సహకరిస్తాను" అనండి. గొంతు పెంచకండి.

స్టేషన్‌కి రమ్మంటే "నన్ను అరెస్టు చేస్తున్నారా, లేక వెళ్ళవచ్చా?" అని అడగండి. అరెస్టయితే కారణం చెప్పాలి, మీ వాళ్ళకి కబురు చెయ్యాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. నంబరు 15100. దాన్ని మీ ఫోన్‌లోనే కాదు, బావగారి ఫోన్‌లో కూడా సేవ్ చెయ్యండి. ఆ సమయంలో మీ ఫోన్ మీ దగ్గర ఉండకపోవచ్చు.